పొయ్యికి తోడొచ్చిన చిలక

జూన్ 3

అన్నయ్యకు,

నేను ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు. ఇప్పుడు కలం ఎందుకు పట్టానో ముందే చెబుతాను. ఫోన్లో నీతో మాట్లాడటం నావల్ల కావడం లేదు. పోయిన వారం మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఎత్తి, "ఆ, బాగానే ఉన్నాను, పనిలో ఉన్నాను, ఉంటా మరి" అని పెట్టేశావు. నేను అడిగింది నీ ఆరోగ్యం గురించి కాదు, సీడీ ప్లేయర్ గురించి. మూడోసారి "అన్నయ్యా, కోపమా?" అని కూడా అడిగాను. దానికీ "ఆ, బాగానే" అన్నావు. కాగితాన్ని మధ్యలో పెట్టెయ్యలేవు కదా అని ఇది మొదలుపెట్టాను.

కోపమైతే ఎందుకో నాకు తెలుసు. పోయిన ఏడు అమ్మాయి పెళ్ళిలో మీ బావగారు అందరి ముందూ నువ్వు చేసిచ్చిన ఆంప్లిఫయర్‌ని పొయ్యి అన్నారు. "మా బావమరిది మా పెళ్ళికి పాటల పెట్టె చేసిచ్చాడు, చలికాలం దాని మీద చేతులు కాచుకుంటాం" అన్నారు. అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదు, మారు మాట్లాడలేదు. ఆ సాయంత్రం నువ్వు వెళ్ళిపోతుంటే వెనక నుంచి మూడుసార్లు పిలిచాను. తిరిగి చూడలేదు. ఆయన నోరు నీకు తెలుసు కదా అన్నయ్యా. ఆ నోటికి గుండీ కుట్టుకోవడం తప్ప ఊరందరికీ కుడతారు. ఆయన తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను.

ఇక అసలు సంగతి. రికార్డు ప్లేయర్ ముల్లు విరిగింది. అలాంటి ముల్లు ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. మా ప్రార్థన బృందంలో పెద్దావిడ ఒకరు పాటల సీడీలు పద్నాలుగు ఇచ్చారు. తెల్లవారుజామున ఆ పెట్టెలో గాజు వాల్వులు మెల్లగా ఎర్రబడుతుంటే పాట వింటూ కూర్చోవడం నాకు ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ అరగంట లేకపోతే రోజంతా ఏదో వస్తువు ఎక్కడో మరిచిపోయినట్టుంటుంది.

అమ్మాయి వదిలేసి వెళ్ళిన చిన్న సీడీ ప్లేయర్ ఒకటి ఉంటే, రికార్డు ప్లేయర్ తీగ పీకిన చోట దాని తీగ పెట్టాను. దేవుడా! పాట కాదది, రేకుల షెడ్డు మీద రాళ్ళవాన. మీ బావగారు కత్తెర కింద పడేశారు.

వచ్చే నెల పదిహేనున ఇంటికి రంగులేసేవాళ్ళు వస్తారు. ఆ లోపల మోగని వస్తువేదీ ముందుగదిలో ఉండకూడదని ఆయన తీర్మానం. వీధి చివర పళ్ళ డాక్టరు ఆ పెట్టెను అడుగుతున్నాడు. మోగించడానికి కాదు, తన గదిలో అలమర మీద అందంగా పెట్టుకోవడానికట. నువ్వు మూడు నెలలు కూర్చుని చేసిన పెట్టె, పళ్ళు పీకించుకునేవాళ్ళు చూసుకునే బొమ్మ కాకూడదు.

అందుకని దానికి జోడు కుదిరే సీడీ ప్లేయర్ ఏది కొనాలో నువ్వే చెప్పాలి.

నీ చెల్లెలు


జూన్ 8

చెల్లాయికి,

ఉత్తరం అందింది. రాళ్ళవాన సంగతి ముందు చెబుతాను, భయపడకు. ఏమీ పాడవలేదు.

పెట్టె వెనక రెండు జతల రంధ్రాలున్నాయి. ఒకదాని పైన ఎర్ర చుక్క, ఒకదాని పైన తెల్ల చుక్క పెట్టాను. ఎర్రది రికార్డుకు. రికార్డు ముల్లు నుంచి వచ్చేది పసిపిల్ల గొంతు. అందుకని ఎర్ర దారిలో దాన్ని వందల రెట్లు పెంచే ఏర్పాటుంది. సీడీ ప్లేయర్ గొంతు పుట్టుకతోనే పెద్దది. దాన్ని ఎర్ర దారిలో పంపితే, అరిచేవాడి నోటికి బూరా కట్టినట్టవుతుంది. తీగ తీసి తెల్ల చుక్క దగ్గర పెట్టు. అది రేడియో కోసం పెట్టిన దారి. శబ్దం పెంచే మీట అడుగంటా తిప్పి ఉంచి, తర్వాత వెంట్రుకవాసి చొప్పున పెంచు.

జోడు గురించి. వాల్వుల పెట్టె స్వభావం మెత్తన. దేన్నయినా కొంచెం తియ్యగా వినిపిస్తుంది. దానికి మళ్ళీ "మెత్తని శబ్దం" అని చెప్పి అమ్మే ప్లేయర్ కొనకు. తీపి మీద తీపి వేస్తే మొహం మొత్తుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పే ముక్కుసూటి ప్లేయర్ కావాలి. ఇంట్లో ఒకరు మెతకగా ఉంటే రెండోవాళ్ళు గట్టిగా ఉండాలి, కాపురంలో లాగే.

కొనకముందు పెట్టె ఆరోగ్యం చూడాలి. ఇవి చేసి రాయి.

పెట్టె వేసిన అరగంటకు వెనకవైపు నల్ల ఇనపదిమ్మ మీద (వాల్వుల మీద కాదు!) అరచెయ్యి పెట్టు. వణుకుతోందా?

స్పీకరు డబ్బా మీద గ్లాసుతో నీళ్ళు పెట్టు. పెట్టె మీద పెట్టేవు, చచ్చిపోతావు, స్పీకరు మీద. పాట లేనప్పుడు నీళ్ళు కదులుతున్నాయా?

నాలుగు వాల్వులూ ఒకే రంగులో వెలుగుతున్నాయా, ఏదైనా నీలంగా ఉందా?

ఫోన్ సంగతి పట్టించుకోకు. రేడియో రిపేరు షాపులో కూర్చుని ఫోన్లో మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఉత్తరమే రాయి.

అన్నయ్య


జూన్ 13

అన్నయ్యకు,

తెల్ల చుక్క దగ్గర పెట్టాను. రాళ్ళవాన ఆగిపోయింది. అమ్మాయి ప్లేయర్‌తో పాట వచ్చింది కానీ, గొంతులో దూది ఉన్నట్టు వచ్చింది. "ఇది పిల్లలు చెవిలో పెట్టుకుని పడుకునేది, దీన్ని తెచ్చి కొలువులో నిలబెడితే ఎలా?" అన్నారు మీ బావగారు. అంత దూరం నుంచి నా మొహం చూడకుండా ఎక్కడ తప్పు చేశానో చెప్పావు. ఆయన కూడా "మనిషి గట్టివాడే" అన్నారు. ఇది నీకు రాయమని ఆయన చెప్పలేదు, నేనే రాస్తున్నాను.

నువ్వడిగినవి చేశాను. ఇనపదిమ్మ వెచ్చగా ఉంది, వణకడం లేదు. గ్లాసులో నీళ్ళు కదలలేదు. అరగంట సేపు ఆ నీళ్ళకేసి చూస్తూ కూర్చుంటే మీ బావగారు, "పాట వినమంటే చేపలు పడుతున్నావేంటే?" అన్నారు. వాల్వులు నాలుగూ ఒకే రంగు. బూజు మెత్తటి బ్రష్షుతో తీశాను, ప్లగ్గు పీకి గంట ఆగాకే.

ఒక్క సంగతి అడగొచ్చా? వణుకుతోందా, కదులుతోందా, ఏ రంగు అని అడిగావు. ఎలా వినపడుతోంది అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. నా చెవి మీద నీకు నమ్మకం లేదనుకున్నాను. చదువుకున్నది పది దాకానే అయినా పాట తెలియనిదాన్ని కాను కదా.

బజారుకు వెళ్ళి మూడు షాపులు చూశాను. మొదటి షాపు అబ్బాయి, "వాల్వుల ఆంప్లిఫయరా? మా తాత దగ్గర ఉండేదటండీ" అన్నాడు. రెండో షాపులో సీడీ ప్లేయర్ అన్న మాటకే నవ్వారు. మూడో షాపులో ఒకటి చూపించి, "ఇది చాలా మెత్తని సౌండమ్మా, వెన్నపూస" అన్నాడు. నీ మాట గుర్తొచ్చి బయటికి వచ్చేశాను. ఆయనేమో, "వెన్నపూస వద్దు, ముక్కుసూటిది కావాలి అని అడిగావా?" అని దారిపొడుగునా ఆటపట్టించారు.

కోపం పోయిందో లేదో నువ్వు రాయలేదు.

నీ చెల్లెలు


జూన్ 18

చెల్లాయికి,

ఎక్కడా కొనకు. నా దగ్గర రెండున్నాయి. శిక్షణ కేంద్రం ఒకటి మూసేస్తూ సామాను వదిలించుకుంటే తెచ్చాను. రెండూ ఒకే కంపెనీవి, ఒకే ఏడాదివి, కవలలు. పాతవే కానీ, ఈ రోజుల్లో అట్టముక్కల్లా చేస్తున్నారే, అలాంటివి కావు. బరువుంది. పళ్ళెం బయటికొచ్చి లోపలికి పోవడం చూడు, పెద్దింటి తలుపు మూసుకున్నట్టుంటుంది. ఎక్కడా తొందరపడదు, కొట్టుకోదు. కుడి ఎడమలు మీటరు పెట్టి చూశాను, రెండు ముళ్ళూ జోడెద్దుల్లా కలిసి నడిచాయి. వెనక దాని గొంతు తగ్గించుకునే చిన్న మీట కూడా ఉంది. వాల్వుల పెట్టెకు అది పెద్ద సదుపాయం. రెండు రోజులు ఆపకుండా తిప్పి చూశాను. మూత మీద చెయ్యి వేస్తే బతికి ఉన్నట్టు కూడా తెలియదు, అంత నిబ్బరంగా తిరుగుతోంది.

ఒకటి బస్సు పార్సిల్‌లో వేశాను. నాలుగువైపులా పాత దుప్పటి కుక్కాను. దుప్పటి పారెయ్యకు, మీ వదినది.

నీ చెవి మీద నమ్మకం లేకపోవడం కాదు. చెయ్యీ కన్నూ చెప్పేది కాగితం మీద సరిగ్గా రాయొచ్చు. శబ్దం గురించి ఒకరు రాసేది ఇంకొకరికి అర్థం కాదు. అంతే.

కోపం సంగతి వదిలెయ్.

అన్నయ్య


జూన్ 25

అన్నయ్యకు,

పార్సిల్ క్షేమంగా వచ్చింది. దుప్పటి ఉతికి, ఆరేసి, మడిచి పెట్టాను. వదిన కుట్టిన అంచు చెక్కు చెదరలేదు. ఆమె పోయాక నువ్వు ఆ షాపు మీది గదిలో ఒక్కడివే ఎలా ఉంటున్నావో తలుచుకున్నప్పుడల్లా నా ప్రార్థన కాస్త పొడుగవుతుంది.

ప్లేయర్ బాగుంది. చాలా బాగుంది. పళ్ళెం నువ్వు చెప్పినట్టే వస్తోంది, పోతోంది. పాడే ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది. రెండు రోజులు తిప్పి చూసి, మోసి, బస్సులో వేసి పంపావు. ఆ శ్రమ నాకు తెలుసు.

మీ బావగారి నోరు ఊరుకోదు కదా. "పొయ్యికి తోడు చిలకొచ్చింది" అంటున్నారు. నువ్వేమీ అనుకోకు. పదిహేనులోపల పెట్టె గురించి ఆయన ఏమంటారో చూడాలి. డాక్టరు మొన్న మళ్ళీ వచ్చి, పెట్టె పొడుగూ వెడల్పూ కొలుచుకుని వెళ్ళాడు. కొలతల టేపు ఈయనే ఇచ్చారు.

వానలు మొదలయ్యాయి. మెడకు తడి తగలనివ్వకు.

నీ చెల్లెలు


జూన్ 29

చెల్లాయికి,

నీ ఉత్తరం చూసి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. పాడే మనిషి ఊపిరి తెలుస్తోందంటే జోడు కుదిరిందన్నమాటే. ఇంతకన్నా పరీక్ష లేదు. చిలక అంటే బావగారి మెప్పే అనుకుంటున్నాను. చిలక పలుకులంటారు కదా.

నీ మాట మీద రెండోదాన్ని కూడా ఇచ్చేశాను. ఇక్కడి బడిలో సంగీతం మాస్టారు ఒకరున్నారు. పాతికేళ్ళుగా నా దగ్గరికే వస్తారు. ఊళ్ళో ఆయన మంచిదంటే మంచిది, కాదంటే కాదు. ఆయన ఇంట్లోనూ నేను చేసిన వాల్వుల పెట్టే ఉంది. "ఎలా ఉంటుంది?" అని అడిగారు. "మా చెల్లెలు విని బాగుందని రాసింది, దాని చెవి గట్టిది" అన్నాను. ఇంకో మాట అడగకుండా పట్టుకెళ్ళారు.

అన్నయ్య


జూలై 4

చెల్లాయికి,

నీ జవాబు రాకుండానే రాస్తున్నాను.

నిన్న మాస్టారు ప్లేయర్ తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టారు. షాపులో నలుగురున్నారు. పాట మొదలుపెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను పాటకు తల ఊపుతున్నాను. ఆయన మొహం చూసి ఊపడం ఆపాను. పక్క షాపు గడియారాలాయన లోపలికి వచ్చి మరీ చెవి పెట్టి నవ్వాడు. లోపల ఏదో కీచుమంటోందట. పాట పొడుగునా సన్నగా కూస్తోందట. "పాతికేళ్ళ నమ్మకమయ్యా. ఇంత కూత పెట్టుకుని నా చేతికెలా ఇచ్చావు? చెవులు ఎక్కడైనా తాకట్టు పెట్టావా?" అన్నారు మాస్టారు. ప్లేయర్ బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయారు. వెనకే ఇంకొకాయన, రిపేరుకిచ్చిన తన రేడియో తీసుకుని వెళ్ళిపోయాడు, చెయ్యకముందే.

రెండూ కవలలు. దానికి కూత ఉంటే నీ దానికీ ఉండే తీరాలి. చాలా బాగుందని ఎందుకు రాశావు? నీ మాట పట్టుకుని నేను పరువు బల్ల మీద పెట్టాను. నీకు వినపడలేదా?

అన్నయ్య


జూలై 8

అన్నయ్యకు,

వినపడింది అన్నయ్యా. మొదటి రోజే, పళ్ళెం లోపలికి పోయిన మరుక్షణమే వినపడింది. మీ బావగారు చిలక అన్నది ఆ కూతనే.

నేను అబద్ధం రాశాను. నువ్వు పంపినదానికి వంక పెడితే ఉన్న కోపం ముదురుతుందని భయపడ్డాను. ఇన్నాళ్ళకు ఉత్తరాలు కలిశాయి, ఒక కూత కోసం తెంచుకోవడం ఎందుకనుకున్నాను. రోజూ ప్రార్థనలో కూర్చుని నిజమే పలికించమని అడిగే నోటితోనే, "బాగుంది" అని రెండుసార్లు రాశాను. ఒకసారి రాస్తే నమ్మవేమోనని రెండోసారి. ఆ అబద్ధం నీ షాపు దాకా నడిచొచ్చి నీ పరువు తీసింది. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. తప్పు నాది. నన్ను క్షమించు.

కానీ ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకున్నా సరే. నాకు మొదటి రోజే వినపడింది. మీ బావగారికి పక్కగదిలో కుట్టుమిషన్ నడుస్తుండగా వినపడింది. నువ్వు రెండు రోజులు దాని పక్కనే కూర్చున్నావు. ఒకప్పుడు రేడియో వింటూ, నాలుగు వాల్వుల్లో ఏది నీరసపడిందో కళ్ళు మూసుకుని చెప్పినవాడివి. నీకెందుకు వినపడలేదు?

ఈ ప్రశ్న రాసి రెండు రోజులు పక్కన పెట్టాను. ఆ రెండు రోజుల్లో నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. చెయ్యి పెట్టమన్నావు, నీళ్ళు చూడమన్నావు. ఫోన్లో అడిగినదానికి వేరేది చెప్పావు. వెనక నుంచి పిలిస్తే తిరగలేదు. అన్నయ్యా, నీకు నా మీద కోపం లేదేమో. ఇది కోపం కాదేమో.

నేననుకున్నది తప్పయితే ఈ కాగితం చింపెయ్. నిజమైతే చింపకు.

కూత సంగతి సరిగ్గా రాస్తాను, ఈసారి ఉన్నది ఉన్నట్టు. సీడీ పెట్టగానే ఎక్కువ. గాజు మీద గోరు గీసినట్టుంటుంది. స్పీకర్లలో నుంచి రాదు, ప్లేయర్ పొట్టలో నుంచే వస్తుంది. మొదటి పాట నుంచి నాలుగో పాట దాకా ఉంటుంది. ఐదో పాట దగ్గర సన్నబడుతుంది. ఎనిమిది నుంచి అసలుండదు. ఏ సీడీ పెట్టినా ఇంతే.

డాక్టరు ఆదివారం వచ్చి విన్నాడు. పెద్దగా నవ్వి, "పళ్ళు తొలిచే నా మిషన్ కూడా ఇలాగే కూస్తుందమ్మా, నా గదిలోనే నప్పుతుంది" అన్నాడు. పదహారో తారీకున వచ్చి పట్టుకెళ్ళమని మీ బావగారు మాటిచ్చేశారు. పదిహేనులోపల కూత ఆగితే మాట వెనక్కి తీసుకుంటారట. ఇంక వారమే ఉంది.

నీ చెల్లెలు


జూలై 11

చెల్లీ,

చింపలేదు.

రెండేళ్ళయింది. మీ వదిన పోయిన తర్వాతి చలికాలంలో, ముందు పిట్టల గొంతు పోయింది. వాటికేదో జబ్బు చేసి అరవడం మానేశాయనుకున్నాను, నిజంగా. తర్వాత గడియారం, తర్వాత తలుపు గొళ్ళెం. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో మగవాళ్ళ లావు గొంతు, అదీ ఎదురుగా నిలబడి మాట్లాడితే, కొంత. మిగతాది పెదాలు చూసి అల్లుకుంటాను. చెవి నాడి ఎండిపోయింది, ఆపరేషన్‌తో వచ్చేది కాదు అన్నారు ఆసుపత్రిలో. చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు కొంత పట్టుకోవచ్చన్నారు. అది పెట్టుకుని రేడియో షాపులో కూర్చోమంటావా? కళ్ళజోడు మీద కళ్ళజోడు పెట్టుకుని ముత్యాలు ఏరేవాణ్ణి ఎవరు నమ్ముతారు?

బావగారు పొయ్యి అన్నారని నీ మొదటి ఉత్తరంలో చదివాకే నాకు తెలిసింది. బాగుంది ఆ మాట, నవ్వొచ్చింది. పెళ్ళిలో అందరూ నవ్వుతుంటే ఎందుకో తెలియక మొహం బిగించుకుని నిలబడ్డాను. నీకు అది కోపంగా కనిపించింది. కోపమనుకుంటే అనుకోనీలే అనుకున్నాను. కోపమొచ్చినవాణ్ణి నాలుగుసార్లు పిలుస్తారు, బతిమాలతారు. వినపడనివాణ్ణి ఒకసారి పిలిచి ఊరుకుంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, ఊదినవాడి కష్టమే చెప్పారు అందులో.

నీది అబద్ధమైతే నాది అంతకన్నా పాతది. నిన్నేమీ అననక్కర్లేదు, నువ్వూ క్షమాపణ అడగక్కర్లేదు.

ఇప్పుడు పని. టైము లేదు, జాగ్రత్తగా చదువు.

నువ్వు కూత గురించి రాసింది చదివి బల్ల మీద చెయ్యి కొట్టాను. శబ్దం గురించి ఒకరు రాసింది ఇంకొకరికి అర్థం కాదన్నాను, అది తప్పు. రికార్డు బయటి అంచు నుంచి లోపలికి పాడుతుంది, సీడీ లోపల నుంచి బయటికి పాడుతుంది. లోపల ఉన్నప్పుడు బాగా వేగంగా తిరుగుతుంది, అంచుకు పోయే కొద్దీ నెమ్మదిస్తుంది. నీ కూత వేగంతో పాటు పుట్టి వేగంతో పాటు పోతోంది. అంటే పాట దారిలో తప్పు లేదు. సీడీని తిప్పే మోటారు ఇరుసు ఎండిపోయింది. ఏళ్ళ తరబడి మూలన పడుండి నూనె ఆరిపోయింది. అంతే జబ్బు.

మందు మీ ఇంట్లోనే ఉంది. బావగారి కుట్టుమిషన్ నూనె.

ప్లేయర్ ప్లగ్గు పీకండి. వెనక నాలుగు మరలు తీస్తే మూత వస్తుంది. సీడీ కూర్చునే గుండ్రటి బిళ్ళ కింద సన్నటి ఇనప ఇరుసు కనిపిస్తుంది, బొంతసూది లావు. అది మోటారులోకి దిగే చోట ఒక్క చుక్క. సీసాతో పొయ్యకండి. సూది మొన నూనెలో ముంచి, మొన మీద నిలిచినంతే. పక్కనే చిన్న గాజు కన్ను ఉంటుంది. దాని మీద పడిందా, ప్లేయర్‌కి చూపు పోతుంది. ఇంట్లో ఒక చెవిటివాడు చాలు.

ఈ పని నీ చేత్తో వద్దు, బావగారినే చెయ్యమను. ముప్పై అయిదేళ్ళుగా సూదిలో దారం గుచ్చిన చెయ్యి వణకదు.

ఇది పోస్టు చేసి, ఇక్కడున్న దానికీ నూనె వేసి మాస్టారింటికి పట్టుకెళ్తాను. కూత పోయిందో లేదో నాకు తెలియదు, ఆయనే విని చెప్పాలి. అది ఎందుకో కూడా ఆయనకు చెప్పాల్సి వస్తుంది. వాళ్ళ గుమ్మం దాకా పోయి తిరిగొచ్చేస్తానేమో. చూడాలి.

అన్నయ్య


జూలై 16

అన్నయ్యకు,

నీ ఉత్తరం పద్నాలుగు మధ్యాహ్నం వచ్చింది. ఇల్లంతా సామాను మధ్యకు లాగి, గుడ్డలు కప్పి ఉంది. నేను చదివాను. రెండో సగం ఆయనకు చదివి వినిపించాను, మరలు తీసే దగ్గర్నుంచి, నీ చెవి మాట వచ్చిన చోటల్లా దాటేసి. మొదటి సగం మడిచి పట్టుకున్నాను.

ఆయన లేచి చేతులు కడుక్కున్నారు. కిటికీ కింద బల్ల మీద ప్లేయర్ మూత తీసి, కళ్ళజోడు పెట్టుకుని, ఏడో నంబరు సూది తీసుకున్నారు. గాజు కంటి మీద బట్టముక్క కప్పింది ఆయనే, నువ్వు రాయలేదు ఆ సంగతి. ఊపిరి బిగపట్టి ఒక్క చుక్క వేశారు. వేలితో బిళ్ళను మెల్లగా పదిసార్లు తిప్పారు. "మీ అన్నయ్య పెద్దింటి తలుపన్నాడు, తలుపు బందుకు నూనె వెయ్యడం మరిచాడు" అన్నారు. ఒక మాట విసరకుండా ఉండలేరు కదా.

పెట్టె మీద గుడ్డ తీసి స్విచ్చి వేశాను. వాల్వులు ఎర్రబడేదాకా ఇద్దరం నేల మీదే కూర్చున్నాం. మొదటి పాట. మొదటి క్షణం కొంచెం కూసింది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. తర్వాత ఆగిపోయింది. రెండో పాటకు లేదు. ఆపి మళ్ళీ మొదటి నుంచి పెడితే మొదటి క్షణంలోనూ లేదు. ఆ తర్వాత వచ్చిన పాట గురించి నేను రాయను. నీ ముందే వెయ్యాలది.

నిన్న రంగులేసేవాళ్ళు వచ్చారు. పెట్టెను తన చేతులతో మోసుకెళ్ళి మిషన్ గదిలో పెట్టింది మీ బావగారే. ఇవాళ డాక్టరు వస్తే, "మోగుతోందండీ, ఇవ్వడం కుదరదు" అన్నారు. "అందంగా ఉండేదండీ" అన్నాడు డాక్టరు నీరసంగా. "మీ గదికి అందమైన దిండ్ల గలీబులు కుట్టిస్తాను లెండి" అన్నారు ఈయన.

డాక్టరు వెళ్ళాక ఆయన నన్నడిగారు. "ఆ మడిచిన సగంలో ఏముంది, మీ అన్నయ్య చెవి సంగతేనా?"

మీకెలా తెలుసని అడిగాను. ఆయనన్నది అన్నట్టే రాస్తున్నాను. "అమ్మాయి పెళ్ళికి చొక్కా కుట్టడానికి కొలతలు తీశాను కదా. అంతకు ముందు రెండు భుజాలూ సమానంగా ఉండేవి. ఆ ఏడు కుడి భుజం ముందుకొచ్చి కిందికి దిగింది. మెడ ఎడమకు తిరిగింది. మంచి చెవి మనిషి ముందు పెట్టి వింటున్నాడని అప్పుడే తెలిసింది."

"మరి నాకెందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"దాచుకున్నది కనపడకుండా కుట్టడమే కదే దర్జీ పని" అన్నారు. పెళ్ళిలో పొయ్యి అని గట్టిగా అరిచింది కూడా నీకు వినపడుతుందేమో చూద్దామనట. నువ్వు నవ్వకపోయేసరికి తెలిసిపోయిందట. ఏడాదిగా ఆయన మీద నేను పెంచుకున్న కోపమంతా ఏం చెయ్యాలో ఇప్పుడు తెలియడం లేదు.

ఈ ఉత్తరంతో పాటు వదిన దుప్పటిలో చుట్టి ఒక చొక్కా పంపుతున్నాం. కుడి భుజం అర అంగుళం దించి కుట్టారు. అది తొడుక్కుని నిలబడితే ఎవరికీ ఏమీ తెలియదు అంటున్నారు. నువ్వు మాత్రం అది తొడుక్కుని ఇక్కడికే రావాలి. వచ్చి స్పీకరు డబ్బా మీద కుడి అరచెయ్యి పెట్టుకుని కూర్చో. నేను నీ ఎదురుగా, నా నోరు కనపడేలా కూర్చుంటాను. పాట ఎక్కడికొచ్చిందో చెబుతాను.

షాపు ముయ్యకు. ఏ వస్తువు మీదైనా అనుమానం ఉంటే బస్సులో వేసి పంపు. నేను విని, ఎక్కడ కూస్తోందో, ఎక్కడ గొణుగుతోందో రాసి పంపుతాను. దూది, రాళ్ళవాన, గాజు మీద గోరు, ఇలాంటి మాటలే నాకొచ్చు. అవి నీకు సరిపోతాయని తెలిసింది. "బాగుంది" అని మాత్రం ఇక ఊరికే రాయను.

మాస్టారి గుమ్మం ఎక్కావో, వెనక్కొచ్చేశావో రాయి. వెనక్కొచ్చినా ఫరవాలేదు, రేపు మళ్ళీ వెళ్ళొచ్చు.

నీ ఉత్తరాలన్నీ నా ప్రార్థన పుస్తకం కింద పెట్టాను. నావి కూడా నువ్వు దాచు. ఎవరికీ చూపించకు. ఇందులో నీ చెవి ఉంది, నా అబద్ధం ఉంది. చెప్పాల్సినవాళ్ళకు మన నోటితో మనమే చెప్పుకుందాం, కాగితం చెప్పకూడదు.

నీ చెల్లెలు